ఏడో ఎక్కం

ఆ ఎండాకాలం తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మా ఇంట్లో పరుచుకున్న నిశ్శబ్దం. ఎమ్మిగనూరు సాలెవీధిలో అలాంటి నిశ్శబ్దాన్ని నేను అంతకు ముందు ఎరగను. తెల్లవారుతుండగానే ఏదో ఒక ఇంట్లో మగ్గం మొదలయ్యేది. దాని వెంట పక్కింట్లో, ఆ వెంట ఎదురింట్లో. పొద్దెక్కేసరికి వీధి వీధంతా ఒకటే చప్పుడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ చప్పుడుకు నాకు తల దిమ్మెక్కేది. తర్వాత తర్వాత అది వినబడకపోతే ఏదో పారేసుకున్నదానిలా ఇల్లంతా వెతుక్కునేదాన్ని.

మా ఇంట్లో మగ్గం నేసేది మా ఆయన మారెప్ప. రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది నేనూ, మా అత్త ఈరమ్మా. మా కూతురు ఉరుకుందమ్మ అప్పుడు ఐదో తరగతి చదువుతోంది. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాక పుట్టిందని మా అత్త ఆ పేరు పెట్టింది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మాత్రం ఆమెకే లేదు. అందుకని పిల్ల అందరికీ కుంద అయింది.

దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో ఎవరి చోటు వాళ్లకు ఉండేది. మా ఆయన కాళ్లు దించి మగ్గం తొక్కే గుంతలో, మా అత్త గోడకు ఆనుకుని, నేను రాట్నం ముందు. కుంద చోటు గుంత గట్టు మీద. మొహం కడుక్కుని, పలక పట్టుకుని, వాళ్ల నాయన మోచేతికి అందేంత దగ్గరగా చాప మీద కూర్చునేది. నూలు మోసే నాడె అటు పోతే "ఏడొకట్ల ఏడు", ఇటు వస్తే "ఏడ్రెళ్లు పద్నాలుగు". మళ్లీ అటు పోతే "ఏడు మూళ్లు ఇరవై ఒకటి". తండ్రి చేయీ కూతురి నోరూ కలిసి నడిచేవి. ఆ వెలుతురులో, ఆ లయలో నాకు కళ్లు మూతలు పడేవి. చేతిలో రాట్నం తిరుగుతూనే ఉండేది, నేను ఎక్కడో నీళ్ల మీద తేలిపోతున్నట్టుండేది.

పిల్లను ఇంట్లో చదివించడమంటే ఎలాగో నన్ను చూసి నేర్చుకోవాలని వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పేదాన్ని. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఆ పాటి చదువు కూడా లేనివాళ్ల ముందు నా గొప్పలకు హద్దుండేది కాదు. "మా కుందను సూడండి, గడియారం మాదిరి సదువుతాది" అనేదాన్ని. అమావాస్య ఒక్కటే సెలవు. ఆ రోజు సాలెవాళ్లెవరూ మగ్గం ముట్టరు. మగ్గానికి సెలవైతే పిల్లకూ సెలవేనని మేమే అనుకున్నాం. అందుకే అసలు సంగతి అన్నేళ్లూ మాకు తెలియకుండా పోయింది.

కర్నూలును రాజధాని చేసిన మరుసటి ఏడు, మా వీధికి నూలు రావడం తగ్గిపోయింది. శివరాత్రి అయ్యాక పూర్తిగా ఆగింది. మా ఆయన చివరి గుడ్డ కోసి మడతపెట్టి, మగ్గం మీద పాత దుప్పటి కప్పాడు. ఆదోనిలో పత్తి మిల్లులకు సీజను, మనుషులు కావాలంటున్నారని విని అక్కడికి బయలుదేరాడు.

"పత్తి అయిపోయేదాకా ఆడ్నే ఉంటా," అన్నాడు మూట కట్టుకుంటూ. "కుందను సదివించు."

"సదివించేది నువ్వు నాకు నేర్పాల్నా?" అన్నాను.

మా అత్త ఊరుకోలేదు. "పరీచ్చ సంగతి మరిసిపోవాకురా. మాటిచ్చినావు," అంది.

హైస్కూలులో ఆరో తరగతికి, అదే ఫస్టుఫారంలో చేరాలంటే బడులు తెరిచేముందు ఒక పరీక్ష పెడతారు. ఆ పరీక్ష గురించి మా ఇంట్లో అంతకుముందే పెద్ద గొడవైంది. ఆడపిల్లకు ఐదు తరగతులు చాలు, రాట్నం దగ్గర కూర్చోబెట్టమని మా అత్త. చదివించాల్సిందేనని నేను. మధ్యలో నలిగి నలిగి మా ఆయన ఒక మాట తేల్చాడు. అదే మాట మళ్లీ చెప్పాడు.

"మరిసిపోలేదు మా. పాసైతే హైస్కూలు. తప్పితే రాట్నం. దాని తర్వాత ఎవురూ నన్ను అడగాకండి."

నా మట్టుకు నేను ఆ పరీక్ష పాసైపోయినట్టే అనుకున్నాను. గడియారం మాదిరి చదివే పిల్లకు భయమేమిటి?

ఆయన బస్సెక్కిన రోజు సాయంత్రం ఎప్పటిలాగే దీపం పెట్టి చాప పరిచాను. కుంద వచ్చి తన చోట కూర్చుంది. తిప్పడానికి నూలు లేకపోయినా నేను అలవాటు చొప్పున రాట్నం ముందు కూర్చున్నాను.

"ఏడో ఎక్కం," అన్నాను.

"ఏడొకట్ల ఏడు. ఏడ్రెళ్లు పద్నాలుగు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఏడు నాలుగులూ..."

అక్కడ ఆగింది. నోరు తెరిచే ఉంది, మాట రావడం లేదు. దుప్పటి కప్పిన మగ్గం వైపు చూసింది.

"ఊఁ, సెప్పు."

చెప్పలేదు.

"సెప్పు మ్మే, సెప్పు సెప్పు. నాకు పొయ్యికాడ పనుంది."

"నాయన లేడు గదా మా," అంది.

"నాయన లేకుంటే ఏమి? ఎక్కం మూటగట్టుకుని ఆదోనికి పోయినాడా?"

ఎనిమిదో ఎక్కం అడిగాను, అంతకంటే తొందరగా ఆగింది. పాఠం చదవమంటే ప్రతి ముక్క దగ్గరా తడబడి, తల వంచుకుని పలక గీరుతూ కూర్చుంది. దిష్టి తగిలిందని మా అత్త ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. చిటపటలాడింది ఉప్పు. మా అత్త తృప్తిగా తల ఊపింది. మరునాడూ అదే వరస.

ఇక లాభం లేదని బడికి పోయాను. వెంకటేశులు అయ్యవారితో నాకు పాత తగాదా ఉంది. మా పిల్లను లేపి అడగడని, వెనక కూర్చోబెడతాడని ఏడాది కిందట బడి ముందే ఆయన్ను నాలుగు మాటలన్నాను. ఇప్పుడు పైట కప్పుకుని మెల్లగా వసారాలో నిలబడ్డాను.

"రామ్మా," అన్నాడాయన. "మళ్ళా కొట్లాడేదానికి వచ్చినావా?"

"లేదప్పా. పిల్ల ఇంట్లో సదవడంలేదు. నోరు పెగలడంలేదు."

"ఇంట్లో కూడానా?" అయ్యవారు విచిత్రంగా చూశాడు. "బళ్లో ఎప్పుడూ అంతే గదమ్మా. మూడు ముక్కలు సెప్పి నిలబడిపోతాది. ఇంట్లో గడగడా సెప్తాదని నువ్వంటే, తల్లిప్రేమలే అనుకునేవాణ్ణి."

ఇంట్లో ఎలా చదివేదని అడిగాడు. మగ్గం సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అనుమానం రావడం మొదలైంది. అయ్యవారు ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"అమ్మా, ఆ పాప ఎక్కం నేర్సుకోల్యా. పాట నేర్సుకునింది. మగ్గం ఎత్తుకుంటే వెనకాల్నే పోతాది. పరీక్షకాడ పక్కన మగ్గం ఎయ్యమంటే హైస్కూలోల్లు ఒప్పుకుంటారా?"

ఇంటికి వచ్చేదాకా నాకు ఎండ కూడా తెలియలేదు. ఇన్నాళ్లూ వీధి వీధికంతా చెప్పుకున్న గొప్ప అంతా ఒక చప్పుడేనా? పరీక్షకు ఇంకా మూడు నెలలే ఉన్నాయి. తప్పితే నా పిల్ల నా పక్కన కూర్చుని కండెలు చుడుతుంది, వాళ్ల అవ్వ పక్కన నేను కూర్చున్నట్టే.

చేతులు కట్టుకుని కూర్చునే మనిషిని కాదు నేను. చప్పుడే కావాలంటే చప్పుడుకేం కరువు? మా అత్త చేతికి రోకలి ఇచ్చి దంచమన్నాను. రోకలి పోటుకు కుంద నోరు లేచింది, చక్కగా సాగింది. ఐదో ఎక్కం మధ్యలో మా అత్తకు ఆయాసమొచ్చింది. రోకలి కింద పారేసి, "మనమరాలి సదువుకు నా పానం తీస్తారా?" అని కూలబడింది. నేను చప్పట్లు కొట్టాను. చెంబు మీద గరిటెతో కొట్టాను. ఏదో ఒక చోట నా చేయి తొందరపడేది, పిల్ల వెనకబడేది, ఇద్దరం ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం.

పక్కింటి దస్తగిరన్న దూదేకే మనిషి. పెళ్లిళ్ల కాలం కదా, పరుపులకు దూది ఏకుతూ పొద్దస్తమానం వాళ్ల వసారాలో విల్లు మోగుతుండేది. కుందను తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టాను. విల్లుకు దాని నడక దానిదే. టంగుమని ఒకసారి ఆగి, టకటకా రెండు. కుంద నోరు దాని వెంటపడి, ఏడు మూళ్ల నుంచి ఏడు ఆర్లకు దూకి, అక్కడి నుంచి తొమ్మిదో ఎక్కంలో పడింది. గాలిలో ఎగిరే దూది పింజల మధ్య దాని లెక్కలు కూడా ఎటో ఎగిరిపోయాయి. దస్తగిరన్న భార్య హజరా బీ కడుపు పట్టుకుని నవ్వింది.

"హనుమక్కా, మీ పాప ఎక్కాన్ని మా ఆయప్ప దూది మాదిరి ఏకి పెట్టినాడే!"

నవ్వకుండా ఉండలేకపోయాను. ఇంటికి వచ్చాక మాత్రం ఏడుపొచ్చింది.

ఉగాది వెళ్లాక ఒక రోజు కుందను వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కాను. రొట్టెలూ కారం పొడీ ఇచ్చి రావడానికని మా అత్తకు చెప్పాను. నిజానికి నా భయం ఆయనకు చెప్పుకోవాలని. దారి పొడుగునా నల్లరేగడి చేలు ఎండలో పగుళ్లిచ్చి ఉన్నాయి. పత్తి తీసేసిన మోళ్ల మీద అక్కడక్కడా తెల్లటి పింజలు వేలాడుతున్నాయి. కుంద నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. దూరంగా ఆదోని కొండలు ఎండలో వణుకుతూ, ఉన్నట్టూ లేనట్టూ కనబడ్డాయి.

మిల్లు ఆవరణలో అడుగుపెట్టగానే ఎక్కడికి వచ్చామో అర్థం కాలేదు. ఎటు చూసినా పత్తి. బండ్ల నిండా, పాకల నిండా, చెట్ల కొమ్మల మీద, మనుషుల కనుబొమల మీద. గాలిలో నూగు మెల్లగా దిగుతూ, దిగినట్టే దిగి మళ్లీ లేస్తోంది. కుంద రెండు చేతులూ చాచి నిలబడింది. లోపల మిషన్ల హోరు. దానికి మొదలూ లేదు, చివరా లేదు. పిల్ల కాసేపు చెవులు రిక్కించి విని, నిరాశగా నా వైపు చూసింది. ఏం వెతుక్కుంటోందో నాకు తెలిసింది.

మధ్యాహ్నం తిండి వేళకు మా ఆయన బయటికి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాడు. ముసలివాడైతే ఎలా ఉంటాడో ఆ రోజే చూసేశాను. ముగ్గురం పత్తి బోరాల నీడలో కూర్చున్నాం. రొట్టె తుంచుకుంటూ ఆయన కూతురి గడ్డం పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఏడో ఎక్కం ఎట్లుండాది?"

కుంద బదులు నేను అంతా చెప్పేశాను. అయ్యవారు అన్నదీ, రోకలీ, విల్లూ, అన్నీ. ఆయన నవ్వుతాడనుకున్నాను. నమలడం ఆపి, చేతిలో రొట్టెను చూస్తూ కూర్చున్నాడు.

"దానికి ఏడు నాలుగులకాడ ఎప్పుడూ కష్టమే," అన్నాడు. "ఆడికి వచ్చేతలికి నాడె రోంత పట్టుకునేవాణ్ణి. అది గుర్తు తెచ్చుకుని నోరు తెరిసినాక ఇడిసేవాణ్ణి."

"ఆపేవాడివా?"

"ఆపితే ఏమైతాది? రోంత సేపే గదా." ఆయనకు సిగ్గేసినట్టుంది. "సావుకారు తిడతాండ్య. మారెప్పా, నీ గుడ్డ అంతా బిర్రుగా ఉంటాది, యాడో ఒక సోట వొదులుగా ఉంటాదేమప్పా అని. అది ఏడో ఎక్కం అని నేనెట్ల సెప్పేది?"

కుంద పకపకా నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో. ఆయన కూడా నవ్వి, పిల్ల జుట్టులో చిక్కుకున్న నూగు ఏరుతూ, "నువ్వు లేకుంటే నాకూ ఈడ కాళ్లు ఆడవు పాపా," అన్నాడు. అంతలో లోపలికి రమ్మని కూత వేశారు. ఆయన చేయి దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ తెలుపులో కలిసిపోయేదాకా మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం.

తిరుగు బస్సులో నాకు ఒకటే ఆలోచన. మేమంతా చప్పుడు చప్పుడని వెంటపడ్డాం. పిల్లకు అందింది చప్పుడు ఒక్కటే కాదు. అది వెతుక్కుంటున్నంతసేపూ పక్కన ఒక మనిషి పని ఆపుకుని ఉన్నాడు. ఎంతసేపు ఆగాలో ఆయన చేతికి తెలిసింది. నాకు ఆగడం అనేదే తెలియదు. కాలికి చక్రాలు కట్టుకుని తిరుగుతానని మా పుట్టింట్లోనే పేరు. "సెప్పు సెప్పు" అనే మాట అది పుట్టినప్పటి నుంచీ దాని చెవుల్లో పోస్తున్నాను.

ఆ మరునాడు దీపం పెట్టాక, చాపను మగ్గం దగ్గర పరచలేదు. గడప పక్కన, గాలి వచ్చే చోట వేశాను. కుందను కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ కూర్చున్నాను. చేతిలో రాట్నం లేదు, చేట లేదు, ఏమీ లేదు. ఒళ్లో ఉత్త చేతులు.

మా అత్త ముక్కు మీద వేలేసుకుంది. "దీపాలు పెట్టే యాళ ఉత్త చేతుల్తో కూచునేది యాడన్నా ఉందా? సాలోల్ల ఇంట్లో ఆడదానివేనా నువ్వు?"

"పని చేస్తాండా అత్తా," అన్నాను.

"ఏం పని?"

నాకే తెలియదు, ఏం చెప్పను? పిల్ల వైపు తిరిగాను.

కుంద మొదలుపెట్టి, ఏడు నాలుగుల దగ్గర ఆగింది. నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు. బయట పశువులు ఇళ్లకు వస్తున్నాయి. వాటి గిట్టల దుమ్ము వీధి మీద తేలుతూ, ఆఖరి ఎండలో పసుపు రంగుకు తిరిగింది. మా గోడలకు ఇంకా నూలుకు పెట్టే గంజి వాసన ఉంది. నోట్లో "సెప్పు" అనే మాట కందిరీగలా తిరుగుతోంది. పళ్లు బిగించి దాన్ని లోపలే ఉంచాను.

"సెప్పమనవేం మా?" అంది కుంద.

"నీకు వచ్చినప్పుడే సెప్పు. నాకేం తొందర లేదు."

ఆ మాట నా నోటి నుంచి రావడం నేనే మొదటిసారి విన్నాను. పిల్ల నమ్మలేదు, నా మొహంలోకి తేరిపార చూసింది. తర్వాత తల వంచుకుంది. వీధిలో పసుపు పోయి బూడిద రంగు వచ్చింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. నాకు కళ్లు బరువెక్కి, ఆ పిలుపు ఏదో చిన్ననాటి సాయంత్రం నుంచి వస్తున్నట్టుంది.

"ఇరవై ఒకటికి ఇంకో ఏడు కలపాల గదా మా?" అంది మెల్లగా.

"నువ్వే సూడు."

వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. "ఇరవై ఎనిమిది."

ఆ గొంతులో పాట లేదు. చిన్నదిగా, అనుమానంగా, ఎవరిదో కొత్త గొంతులా ఉంది. అంతవరకూ మా పిల్ల గొంతు నేను విననే లేదని అప్పుడు తెలిసింది.

అన్ని రోజులూ అలా జరిగాయని చెబితే అబద్ధమాడినదాన్నవుతాను. కొన్ని సాయంత్రాలు ఒక్క లెక్క కూడా తెమిలేది కాదు. కొన్నిసార్లు పలక మీద తల పెట్టి నిద్రపోయేది. ఒకసారి పలక విసిరికొట్టి, "నాకొద్దు, కండెలే సుడతా" అని ఏడ్చింది. మా అత్త మొహం వెలిగింది. నేను లేచిపోయి ఆ ముక్కలు ఏరి, మరునాడు కొత్త పలక తెచ్చి అదే చాప మీద పెట్టాను. ఏమీ అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో నా అరచేతుల్లో గోళ్ల గుర్తులకు తెలుసు.

మెల్లగా ఇంట్లో గాలి మారింది. నేను పిలవకముందే మొహం కడుక్కుని వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చిన లెక్కలు వదిలేసి, రానివి ముందు తీసేది. మా అత్తకు కూడా ఆ ఆట పట్టుబడింది. చదువు రాకపోయినా మనమరాలి నోట విని విని ఆమెకు ఎక్కాలన్నీ వచ్చు. పిల్ల ఆగితే ఆమె పెదాలు కదిలేవి. జవాబు బయటికి రాకుండా తమలపాకు నోట్లో కుక్కుకునేది. ఆ వేసవిలో మా ఇంట్లో ఆకులు నీళ్లలా ఖర్చయ్యాయి.

రోహిణి ఎండలు దాటి, మొదటి వాన పడి మట్టి వాసన లేచిన వారంలో పరీక్ష వచ్చింది. మా ఆయన ఆదోని నుంచి పొద్దుటి బస్సుకే వచ్చేశాడు. చెవుల మీద ఇంకా నూగు ఉంది. హైస్కూలులో ముందు రాత పరీక్ష అయింది. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి నోటి లెక్కలు అడుగుతున్నారు. మేం తల్లిదండ్రులం వసారాలో, కిటికీ పక్కన. వాన మబ్బు కమ్మి, పగలే మసక మసకగా ఉంది.

లోపల కూర్చున్న పెద్ద అయ్యవారు మా వీధివాళ్లకు తెలిసిన మనిషి కాదు. అడగడమూ, జవాబు వినడమూ, ఇంకొకరిని పిలవడమూ, అంతా చకచకా జరిగిపోతోంది. మా ముందు వెళ్లిన షావుకారు కొడుకు టపటపా చెప్పి గెంతుకుంటూ వచ్చాడు.

కుందను పిలిచారు. కిటికీలోంచి దాని జడ మాత్రం కనబడింది.

"ఏడు ఎనిమిదులు?"

కుంద మాట్లాడలేదు.

లోపల ఎవరో కాగితం తిప్పారు. వసారాలో మిగతా తల్లులు నా వైపు చూసి, చూపులు తిప్పుకున్నారు. ఆ నిశ్శబ్దం వాళ్లకు కొత్త. నేను దాని మధ్య ఒక ఎండాకాలమంతా కూర్చున్నదాన్ని.

"ఊఁ, తొందరగా చెప్పమ్మా. బయట ఇంకా చాలామంది ఉన్నారు."

నా పక్కన ఏదో కదిలింది. చూస్తే మా ఆయన కుడికాలు. ఆయనకు తెలియకుండానే నేల మీద మగ్గం తొక్కుతోంది, చప్పుడు కూడా చేయబోతోంది. నా పాదం తీసి ఆ పాదం మీద పెట్టాను. గట్టిగా నొక్కి ఉంచాను. ఆయన నా మొహం చూశాడు. కాలు ఆపేశాడు.

అప్పుడు లోపలి నుంచి మా పిల్ల గొంతు వినబడింది. సన్నగా ఉంది, కానీ వణకలేదు.

"రోంత సేపు ఉండండి సార్. సెప్తా."

పెద్దవాళ్లను ఆగమని అడగవచ్చని నేను దానికి నేర్పలేదు. అడగవచ్చని నాకే తెలియదు. ఇప్పుడు తిట్టి పంపేస్తాడని కళ్లు మూసుకున్నాను. తిట్టు వినబడలేదు. కుర్చీ కిర్రుమంది, ఆయన వెనక్కి ఆనుకున్నట్టున్నాడు.

"సరే. ఆలోచించి చెప్పు," అన్నాడు.

పెంకుల మీద చినుకులు మొదలయ్యాయి. మా ఆయన నా చేయి పట్టుకున్నాడు, అంతమంది ఎదుట.

"యాభై ఆరు," అంది కుంద.

పెద్ద అయ్యవారు ఇంకొకటి అడిగాడు. మళ్లీ కాసేపు ఆగి చెప్పింది. మూడోదానికి అంతసేపు పట్టలేదు.

రెండు మూడు రోజులకు వెంకటేశులు అయ్యవారు గొడుగు వేసుకుని మా వీధికి వచ్చి, పాసైన సంగతి గుమ్మంలోనే చెప్పాడు. మా ఆయన లోపలికి పోయి, మగ్గం మీది దుప్పటి కింద తల దాచుకుని ఏడ్చాడని మా అత్త తర్వాత నాకు చెప్పింది. ఆమె మాత్రం అయ్యవారితో, "పాస్ గాకుండా యాడికి పోతాది? నేను గదా దగ్గరుండి సదివిచ్చింది!" అంది. నేను ఆ మాటకు అడ్డు చెప్పలేదు.

హైస్కూలు తెరిచిన రోజు సాయంత్రం అలవాటుగా దీపం పెట్టాను. గడప పక్కన చాప వేసి, చీర సర్దుకుని, ఉత్త చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కుంద కొత్త పుస్తకాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఏవేవో లెక్కలు, నా మూడో తరగతికి అందనివి. కాసేపు రాసుకుని తలెత్తింది.

"మా, నువ్వు పోయి రొట్టెలు చేసుకోపో."

"నువ్వో?"

"నేను సదువుకుంటా."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే," అంది మళ్లీ తల వంచుకుంటూ.

లేచాను. కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి. పొయ్యి అంటించి జొన్నపిండి కలిపాను. ముద్ద చేసి పీట మీద పెట్టి, తట్టబోయిన చేయి గాలిలోనే ఆపాను. రొట్టె తడితే చప్పుడవుతుంది. ఆ చప్పుడు దాని వేళ్లలోకి, నోట్లోకి పోతే? మళ్లీ మొదటికి వస్తే? అలాగే చేయి ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. పెనం వేడెక్కి పొగ వస్తోంది.

"తట్టుకో మా," అంది కుంద బయటి నుంచి. "నాకేం కాదు."

తట్టాను. ఒక రొట్టె, ఇంకొకటి. చప్పుడు ఇల్లంతా నిండింది. మధ్యలో ఒకసారి తొంగి చూశాను. కుంద పెదాలు కదలడం లేదు, తల ఊగడం లేదు, తన లెక్క తాను చేసుకుంటోంది. నేను చూస్తున్నానని కూడా దానికి తెలియదు. నా అవసరం తీరిపోయిందని ఎంత ఏడుపొచ్చిందో, అంత సంతోషమూ వేసింది.